కోపం దిగాకే దోనె

మా చిన్నప్పుడు... ఇంద్రావతి ఒడ్డున రెల్లు తెల్లగా పూసి ఉంది. అమ్మ నా రెక్క పట్టుకొని ఇసుకలో విసవిసా నడుస్తోంది. నెత్తిన బట్టల మూట. అవతలి ఒడ్డు చేరితే అమ్మమ్మ వాళ్ళ ఊరు...

ఇవతల మా భోపాల్‌పట్నం వైపంతా బస్తర్ రాజుగారి రాజ్యం, అవతల తెల్లోళ్ళ రాజ్యం అనేవాళ్ళు. నాకు మాత్రం ఇవతల నాయన, అవతల అమ్మమ్మ... అంతే తేడా!

గొడవంతా బర్రె గురించి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చూడి బర్రెను, ఒక్క మాటైనా అడగకుండా, నాయన మా మేనత్తకు తోలిచ్చేశాడు. "మల్ల ఈ ఒడ్డు తొక్కితే ఒట్టు" అని అమ్మ గడప దాటింది. ఆ మాటకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక నాయన కనపడడేమోనని దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

రేవులో దోనె తాత ఉన్నాడు. ఒంటి మాను తొలిచిన దోనె ఆయనది... ఎవరు విసురుగా కదిలినా బోల్తానే. అందుకని ఆయనకో పద్ధతి ఉండేది. కోపంగా వచ్చినవాళ్ళ చేతిలో మోదుగాకు డొప్ప నిండా నీళ్ళు పోసి పెట్టేవాడు. చుక్క ఒలక్కుండా దోనె దాకా నడిస్తేనే ఎక్కనిచ్చేది.

అమ్మకూ ఇచ్చాడు. రెండడుగులకే సగం నీళ్ళు చీర మీద పడ్డాయి. డొప్ప విసిరికొట్టింది.

"ఏంది మామా నీ ఆటలు? నా తొందర నాది!"

"నీ తొందర నీది, దోనె నాది బిడ్డా. పగిలితే మల్లెవడు తొలిచిస్తడు? కూసో. తిట్టాలనుంటె ఇసుకను తిట్టు, అదేమనుకోదు."

అమ్మ నిజంగానే తిట్టింది. నాయనను, మేనత్తను, చివరికి పాపం ఆ బర్రెను కూడా! తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత ఊరికే కూర్చుంది... తాత తన వల బాగుచేసుకుంటున్నాడు, మా వైపు చూడనైనా లేదు. రెల్లు ఊగుతోంది... నీళ్ళ మీద ఎండ తళతళమంటోంది... అమ్మ ఒడిలో నాకు కళ్ళు మూతలు పడ్డాయి.

ఎంతసేపైందో తెలీదు. అమ్మ నా తల నిమురుతోంది. పొద్దున నా రెక్క పట్టి ఈడ్చిన చెయ్యి కాదది... రోజూ నాకు జడ వేసే చెయ్యి.

లేచి మొహం కడుక్కుంది. తానే డొప్ప నింపుకొని నడిచింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఇంటికి మళ్ళుతుందనుకున్నాను. లేదు... దోనే ఎక్కింది! నది మధ్యకు వచ్చాక నెమ్మదిగా అంది:

"మామా, ఆయనకు చెప్పు. బర్రెను తోలుకొని ఆయన్నే రమ్మను. వస్తె నేనూ వస్త."

ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసిందన్నమాట... నాకు ఏడుపు ఆగిపోయింది.

నాయన వచ్చాడు. దోనెలో పగ్గం పట్టుకొని ఆయన, వెనక తల ఒక్కటే పైకెత్తి ఈదుకుంటూ మా బర్రె... ఇప్పటికీ కలలోకి వస్తుంది. నాయనకూ డొప్ప తప్పలేదట, రెండుసార్లు ఒలకబోశాడట! విని అమ్మ పడీ పడీ నవ్వింది.

నాకిప్పుడు ఎనభై దాటాయి. మొన్న కారులో వంతెన మీద నది దాటాను... రెప్పపాటు పని. ముందు సీట్లో మనవరాలూ దాని మొగుడూ వాదించుకుంటూనే ఉన్నారు. మాట తెగకముందే అవతలి ఒడ్డు వచ్చేసింది. వాళ్ళతో పాటు వాళ్ళ కోపం కూడా నది దాటేసింది...

కాసేపు ఇసుకలో ఆపమందామనుకున్నాను. అప్పటికే దాటిపోయాం.

మీ ఊళ్ళో కోపం వచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టేవాళ్ళు?... చెప్పండి, వింటాను.