మేతలో నూనె సంగతి కనిపెట్టింది మునిరత్న

నిన్న పొద్దున ఏడింటికి నా భార్య మునిరత్న చేపలకు మేత వేసి వచ్చింది. కాఫీ తాగింది. గుండెల్లో పట్టేసినట్టు ఉండాదని మంచం మీద కూర్చునింది.

మా ఊరు బైరకూరు నుంచి కోలారుకు కారులో తీసుకుపోయినాము. దారిలో ఒకసారి నీళ్లు అడిగింది.

పదిన్నరకు డాక్టర్ బయటికి వచ్చి చెప్పినాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

సాయంత్రం మా తోటలోనే దహనం. నేనే నిప్పు పెట్టినాను.

ఆమె గురించి మీకందరికీ తెలుసు. ఒక్క సంగతి తెలీదు. తెలీకుండా చేసింది నేను.

పొలంలో వాన నీళ్లకు తవ్విన గుంటలో, మా పక్క కృషిహొండ అంటారు, మేము రోహు, కట్ల చేపలు పెంచుతున్నాము. రెండేళ్ల కిందట మేతలో నూనె కలపడం మొదలుపెట్టినాను. నాది బీఎస్సీ జువాలజీ. నూనె శక్తినిస్తే, చేప ప్రోటీన్‌ను కండకు మిగుల్చుకుంటుంది. మొదటి నెల అట్లే అయింది. బాగా పెరిగినాయి.

దాంతో నూనె రెండింతలు చేసినాను.

ఆదివారాలు గట్టు మీదనే అమ్మేవాళ్లం. తూకం నాది, కోత ఆమెది. కేజీఎఫ్‌లో గని పనివాళ్ల ఇంట పుట్టిన పిల్ల. కత్తి ముందు కూర్చుంటే చెయ్యి ఆగేది కాదు.

ఒక ఆదివారం ఆగింది.

"ఇట్లా చూడప్పా. కడుపు నిండా తెల్ల కొవ్వు. లివర్ పసుపు తిరిగిండాది. ఇదంతా తీసి పారేస్తే ఇంగ కండ యాడుండాది? మనకంటే ముందు నీ చేపకే బీపీ వచ్చేట్టుండాది!"

కొనేదానికి వచ్చినవాళ్లు నవ్వినారు. నాకు కోపం వచ్చింది.

"కోసేవాళ్లకు జువాలజీ ఎందుకు? మాట్లాడకుండా సుమ్నే కొయ్యి."

అంతమంది ముందు అన్నాను.

"సరే, బీఎస్సీ సార్" అనింది. మిగిలిన చేపలు కోసింది.

మర్నాడు హొండలో ఒక మూల వల కట్టింది. అందులోని చేపలకు అదే చెనక్కాయ చెక్క, అదే తవుడు. నూనె మాత్రం నేను మొదట్లో వేసినంతే. నేను ఎగతాళిగా చూస్తా ఉండినాను.

మూడు నెలల తర్వాత రెండు వైపుల చేపలూ పక్కపక్కనే కోసి పెట్టింది. ఆమెవే బరువు ఎక్కువ. కొవ్వు తక్కువ, లివర్ ముదురు ఎరుపు. నావి అప్పటికే మేతకు పైకి రావడం తగ్గించినాయి.

కొవ్వు మితిమీరితే కండ కాదు. కడుపులో, లివర్‌లో చేరుతుంది. శక్తి ముందే నిండిపోయి చేప మేత తగ్గిస్తుంది, ప్రోటీన్ చాలక ఎదుగుదల పడిపోతుంది. కాలేజీలో చదివిన పాఠమే ఇది.

నూనె తగ్గించినాను. తప్పైందని మాత్రం చెప్పలేదు.

తర్వాత కోలారులో చేప రైతుల మీటింగ్ జరిగింది. నన్ను మాట్లాడమన్నారు. "నేను గమనించినాను. నేను వల కట్టి చూసినాను" అని చెప్పినాను. ఎక్కడా తడబడలేదు. చప్పట్లు కొట్టినారు.

మునిరత్న వెనక వరసలో ఉండింది.

పక్కన కూర్చున్న, సుగటూరు నుంచి వచ్చిన ఒకామె, "మీ ఆయన భలే తెలివైనోడమ్మా" అనిందంట. "ఔనక్కా, ఇంట్లో గూడా అట్లే" అని తను జవాబు చెప్పిందంట. ఇంటికి వచ్చే బస్సులో తనే చెప్పి నవ్వింది. నేను కిటికీలో నుంచి బయటికి చూస్తా కూర్చున్నాను.

నేను చెప్పినదాన్ని పాంప్లెట్ వేసినారు. పైన నా ఫోటో, పేరు. మా ఊరి మేత అంగట్లో గోడకు అంటించినారు. ఆమె వారం వారం చెక్క తెచ్చేదానికి ఆ అంగడికే పోయేది. దాని ముందు నిలబడి ఏమనుకునేదో నేను ఎప్పుడూ అడగలేదు.

సరిచేద్దాం, టైం ఉందిలే అనుకున్నాను.

సిగ్గుగా ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లు "ఆమెను బాగా చూసుకున్నావప్పా" అంటుంటే తల ఎత్తలేకపోతున్నాను.

పోయి రా, మునిరత్నా. ఇంగ నీ ప్రాణానికి ఏ నొప్పీ లేకుండా చల్లగా ఉండు.

రేపు పొద్దున అంగడి తెరిచేసరికి పోతాను. మైల కాబట్టి లోపలికి పోకూడదు. వాకిట్లో నిలబడి, అంగడాయన చేత ఆ పాంప్లెట్ మీద నా పేరు కొట్టేయించి ఆమె పేరు రాయిస్తాను. ఎందుకని అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్తాను.