వరప్రసాదం అతికించిన అద్దం

మా ఆయన వరప్రసాదానికి తెనాలిలో కెమెరాలు బాగుచేసే దుకాణం ఉంది. ఉంది అంటే, పొద్దున షట్టర్ ఎత్తుతాడు, సాయంత్రం దించుతాడు. పెళ్లిళ్లన్నీ ఫోన్లలోకి ఎక్కేశాక కెమెరా పట్టుకుని ఎవరొస్తారు చెప్పండి? ఈ మనిషికి మాత్రం పాడైన వస్తువు కనబడితే అన్నం సంగతే గుర్తుండదు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన మైకు వైరు వంక చూస్తుంటాడు. పెళ్లయిన నాటి నుంచీ తిడుతున్నాను, దున్నపోతు మీద వాన పడ్డట్టే.

ఆయన దగ్గరికి సూర్యలంక నుంచి దుర్గాదేవి వచ్చింది, తోడుగా మరిది నాగబాబు. కార్తీకంలో ఆమె భర్త మస్తానయ్య ఒక్కడే చేపల వేటకు వెళ్లాడు. గాలివానకు పడవ, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర మునిగింది. మనిషి జాడ లేదు. అక్కడ సుడి ఎక్కువ, దిగే ధైర్యం ఎవరికీ లేదు. ఒంటి మీది గుడ్డయినా కళ్లబడితే తప్ప దినం చేయకూడదని వాళ్ల పేటలో కట్టుబాటట. ఎక్కడో ఒడ్డున బతికి ఉంటే, బతికున్నవాడికి దినం చేసిన పాపం తగులుతుందని పెద్దల భయం. అందాకా ఆ పిల్ల బొట్టు పెట్టుకోవాలి, రోజూ మొగుడి కంచంలో అన్నం వడ్డించాలి.

"ఆ అన్నం ఎవరు తింటారమ్మా?" అనడిగాను.

"కుక్కకి వేస్తన్నాను వదినా" అంది.

నాగబాబు అప్పటికే పాత యాక్షన్ కెమెరా ఒకటి సంపాదించి, నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి, టార్చిలైటుతో సహా పొడవాటి గెడకు కట్టి మొగలో దించాడు. వీడియోలో పడవ కొయ్యల మధ్య నీలంగా ఏదో ఊగుతోంది. అంతా మసక.

"ఆయన నీలం చొక్కానే అన్నయ్యా, నాకు తెలవదా? చేతులు కూడా కనబడతన్నాయి. పెద్దోళ్లేమో సరిగ్గా చూపించమంటన్నారు" అంది దుర్గాదేవి.

మా ఆయన డబ్బాను వేళ్లతో తడిమాడు. "తప్పు కెమెరాది కాదమ్మా. డబ్బా ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉంది చూశావా? గాల్లో బాగానే ఉంటది, నీళ్లలోకి దిగితే మసకేసిద్ది. చదును అద్దం పెడితే సరి."

ఇక చూడాలి ఆయన హడావిడి! రేపల్లెలో వాచీలు బాగుచేసే మా అన్నయ్యను సతాయించి మందపాటి చదును అద్దం తెచ్చాడు. ఉబ్బెత్తుది కోసేసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, కొత్తది జిగురుతో అతికించాడు. జిగురు ఆరాక డబ్బాలో టిష్యూ కాగితం పెట్టి మా నీళ్ల డ్రమ్ములో ముంచాడు.

"తాగే నీళ్లండీ అవి!" అని మొత్తుకున్నా వినలేదు.

కాగితం తడవలేదు. ఆ తర్వాత బైబిలు వాక్యాల క్యాలెండరును ప్లాస్టిక్ కవరులో చుట్టి డ్రమ్ము అడుగున పెట్టి వీడియో తీశాడు. ప్రతి అక్షరం చదవగలిగాం. ఆయన గంతులొకటే తక్కువ. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లాం. నాగబాబు పడవ మీద వెళ్లి వీడియో తీసుకొచ్చాడు. ఒడ్డున పెద్దల మధ్య మా ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. కొయ్య మీద లేచిన రంగు పెచ్చులు, మేకుల తుప్పు, వలలో చిక్కిన పీత, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి.

"చూశావా రూబీ, ఎంత క్లియరో!" అన్నాడు నా వైపు తిరిగి ఈ మనిషి. ఛీ, ఆ నోరు పడిపోను!

అప్పుడు నీలంది వచ్చింది. పట్టా. వానొస్తే పడవ మీద కప్పే ప్లాస్టిక్ పట్టా. తాడు దూర్చే కన్నాలు, వాటి ఇత్తడి రింగులు కూడా కనబడ్డాయి. దుర్గాదేవి చేతులనుకున్నవి తెగిన తాళ్లు.

"చొక్కా కాదు. ఎక్కడో ఉండుంటాడు, ఎదురుచూడమ్మా" అని పేట పెద్దాయన లేచాడు. దుర్గాదేవి అత్త, కొడుకు బతికే ఉన్నాడని సముద్రానికి దండం పెట్టింది. దుర్గాదేవి తెర దగ్గరికి జరిగి ఆ తాళ్లనే చూసింది. మా ఆయన డబ్బాను ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు.

మేం బస్సెక్కబోతుంటే దుర్గాదేవి పరుగున వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"ఆ పాత అద్దమే మళ్లీ పెట్టవా అన్నయ్యా" అంది. "అందులో ఆయన ఉన్నాడు."