బెరిల్ చెప్పిన గోలు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అన్నారు మన పెద్దలు. ఇంగ్లండు ఉత్తరాన ఉన్న రాడెన్‌షా ఊళ్లో ఇప్పుడంతా తలకిందులు. అక్కడ నోరు జారి ‘గోల్’ అంటే వెనక్కి తీసుకుంటారు. కాలు గోరంత ముందుకు జారితే మాత్రం క్షమాపణ లేదు.

ఈ తలకిందుల వ్యవహారం అందరికన్నా ఎక్కువ తగిలింది బెరిల్ హేవర్త్‌కి. ఎందుకంటే ఆవిడ చెబితేనే ఆవిడ అన్న నార్మన్‌కి గోలు పడినట్టు. నార్మన్‌కి చూపు లేదు.

పుట్టుగుడ్డి కాదు. నలభై దాటాక చక్కెర జబ్బు కళ్లను తినేసింది. అప్పటికి బెరిల్ ఊళ్లోని బింగో హాల్లో, అంటే చీటీల మీద అంకెలు కొట్టేసుకునే హౌసీ ఆటలో, అంకెలు పిలిచే పనిలో ఉంది. అది తేలికైన పని అనుకునేవాళ్లు ఒక్క పూట చేసి చూడాలి. అంకె ఒక్కసారే చెప్పాలి, చివరి బల్ల దగ్గర కూర్చున్న చెవిటి ముసలమ్మకి కూడా అందేలా చెప్పాలి. డెబ్బయ్యేడుని తడబడి అరవయ్యేడంటే హాలంతా లేచి మీద పడుతుంది. లోకంలో కొన్ని గొంతులు పుట్టుకతో రావు, పని చెక్కితే తయారవుతాయి. రేవుల్లో సరంగుల గొంతు, వేలంపాట వాళ్ల గొంతు, రైలు కిటికీల వెంట పరుగెత్తుతూ టీ అమ్మేవాడి గొంతు. బెరిల్‌దీ ఆ కులమే.

హాలు మూతబడి తివాచీల దుకాణమైపోయింది. గొంతు మాత్రం మిగిలింది. దాన్ని శనివారం శనివారం అన్న చెవిలో పోసేది. ఊరి ఫుట్‌బాల్ మైదానం తూర్పు గ్యాలరీలో ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. బంతి ఎవరి దగ్గరుంది, ఎటు పోతోంది, మనవాడెవడు కాళ్లీడుస్తున్నాడు, అన్నీ చెప్పేది. గోలు పడితే మాత్రం అన్న మోకాలి మీద ఒక్కటి చరిచి “గోల్!” అనేది. అంతే. వర్ణన తర్వాత. నార్మన్ ఆ దెబ్బతోపాటే లేచేవాడు. చూపున్నవాళ్ల కన్నా ఒక్క క్షణం కూడా వెనకపడేవాడు కాదు. అదే వాడి దర్జా.

తమ జట్టుని పై లీగులోకి ఎక్కించమని రాడెన్‌షా ఊరంతా ఒక తరం పాటు మొక్కింది. వరాలిచ్చే దేవుళ్ల అలవాటు పురాణాలు చదివినవాళ్లకి తెలిసిందే, ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో మెలిక పెడతారు. జట్టు ఎక్కింది. పై లీగులో వీడియో గది ఉంది.

సొంతూళ్లో మొదటి ఆట. మోకాలి మీద దెబ్బ పడింది. నార్మన్ లేచి, ముందు వరసలో కూర్చునే మాంసం కొట్టు క్లెగ్‌ని చేతులతో తడిమి పట్టుకుని బట్టతల మీద ముద్దు పెట్టాడు. అంతలో చుట్టూ అరుపులు సన్నబడ్డాయి.

“ఏమైందే?”

“చూస్తున్నారంట.”

“ఎవరు?”

“ఎక్కడో లండన్ దగ్గర గదిలో కూర్చున్నవాళ్లు.”

“ఏం చూస్తున్నారు?”

“మనవాడి చంక.”

“చంకా?”

“బంతి ఇచ్చే క్షణానికి వాళ్ల ఆఖరివాడి కన్నా మనవాడి చంక ముందుందేమోనని. ఒక ఎర్రగీత, ఒక నీలంగీత గీస్తున్నారు.”

“వాడు కొట్టింది కాలితో కదే!”

“నామీద అరుస్తావేం? గీసేది నేనా?”

టీ చల్లారింది. వాన మొదలై ఆగింది కూడా. ఆఖరికి గోలు రద్దు చేశారు. క్లెగ్ వెనక్కి తిరిగి, “నా ముద్దు నాకు తిరిగిచ్చెయ్యి” అన్నాడు. నార్మన్ నవ్వలేదు.

ఆ తర్వాత అదే తంతు. ఒకవారం బొటనవేలు, ఒకవారం మోకాలిచిప్ప, ఒకసారి ఏకంగా ముక్కు. గీత పక్కన జెండా పట్టుకున్న అంపైరుని చూసి గ్రహిద్దామంటే వాడూ బంతి వలలో పడేదాకా చెయ్యెత్తడం మానేశాడు. అన్నని గాల్లోకి లేపి కింద పడేస్తున్నది తానేనని బెరిల్‌కి తోచింది. దాంతో ఆవిడ ఒక తప్పు చేసింది. ఆగడం మొదలుపెట్టింది. బంతి వలలో పడ్డా చెయ్యి గాల్లోనే ఆపి, “పడింది... ఉండు... అయ్యుండొచ్చు” అనేది.

విరామంలో మాంసం కూరిన రొట్టె కొరుకుతూ నార్మన్ భగ్గుమన్నాడు.

“ముప్పై వేలమంది గొంతు చించుకుంటుంటే నా పక్కదానికి మాట పడిపోయిందేంటే?”

“తీసేస్తారేమోనని.”

“తీసేస్తే తీసేస్తారు. వాన కబుర్లు చెప్పేదానిలా ‘అయ్యుండొచ్చు’ ఏంటి?”

“మళ్లీ కూర్చోవాల్సొస్తుంది కదాని ఆగానయ్యా.”

“బింగోలోనూ ఇంతేగా. ఎవత్తో గెలిచానని అరిస్తే, చీటీ సరిచూసేదాకా హాలంతటినీ ఉగ్గబట్టించేదానివి. వీడియో గదిలో ఉండాల్సినదానివి నువ్వు!”

ఆ మాట బెరిల్‌కి ముల్లులా దిగింది, అబద్ధం కాదు గనక. బస్సులో ఇంటికెళ్తున్నంతసేపూ లోపల్లోపల వాదించుకుంది. చీటీలో అంకె ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఏడు అంకె తోక ఎనిమిది కన్నా వెంట్రుకవాసి ముందుకొచ్చిందని గీతలు గీశానా నేను?

రెండు వారాలకి నార్మన్ క్లబ్బువాళ్లని అడిగి చెవిలో పెట్టుకునే యంత్రం తెచ్చుకున్నాడు. చూపులేని అభిమానుల కోసం ఎవరో కుర్రాడు పైన గదిలో తెర చూస్తూ ఆట వివరిస్తాడు. గోలు నిలిచిందో లేదో వాడికి ముందే తెలుస్తుంది. బెరిల్ రెండు మూడుసార్లు నోరు తెరిచింది. నార్మన్ ఆ వైపు చెవినే యంత్రంతో మూసుకునున్నాడు. తర్వాత ఆవిడ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది.

“వచ్చే ఏడు నువ్వు రానక్కర్లేదులే” అన్నాడు ఒకరోజు మంచిగానే. “ఆ మెట్లు నీ మోకాళ్లకి పడవు. నాకా, చెవిలో మనిషున్నాడు.”

తిడితే బావుండేది. తిట్టుకి జవాబుంటుంది.

ఆ ఏటి ఆఖరి ఆట పక్క ఊరు మోస్‌క్రాఫ్ట్‌తో. సమంగా ముగిస్తే చాలు, రాడెన్‌షా పై లీగులో మిగులుతుంది. ఓడితే కిందికే. ఇరువైపులా గోల్లేవు. ఆట చివరికొచ్చింది. అప్పుడు మోస్‌క్రాఫ్ట్‌వాడొకడు వెనకనుంచి దూసుకొచ్చి బంతిని వలలోకి నెట్టాడు.

గ్యాలరీ శవం లేచిన ఇల్లయింది. క్లెగ్ టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. తర్వాత పెద్ద తెర మీద ‘వీడియో పరిశీలన’ అన్న అక్షరాలు పడ్డాయి. చూస్తున్నారు. ఏడాది పొడుగునా ఆ గదిని బూతులు తిట్టిన జనమే ఇప్పుడు చేతులు జోడించి దాన్నే వేడుకున్నారు. మనుషులింతే, కోర్టు ఎప్పుడూ ఎదుటివాడికే అన్యాయం చెయ్యాలి. గీతలు గీశారు. మోస్‌క్రాఫ్ట్‌వాడి మోకాలు, అరటితొక్క మందాన, ముందుంది. గోలు లేదు.

గ్యాలరీ పేలిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కావలించుకున్నారు. నార్మన్ ఒక్కడే కూర్చునున్నాడు. చెవిలో యంత్రం తీసి చెల్లెలి వైపు తిరిగాడు.

“వీడు గీత సంగతి చెబుతున్నాడు. గీతెవడిక్కావాలి? నువ్వేం చూశావు?”

“ఇప్పుడెందుకది?”

“గోలా, కాదా?”

“అడక్కురా నార్మన్!” క్లెగ్ వెనక్కి తిరిగి అరిచాడు. “దేవుడు పెట్టాడు, తిను!”

బెరిల్‌కి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మాట్లాడనివ్వకుండా, అడగాల్సిన గోలు ఇదా? కాదంటే సరిపోయేది. గది సాక్ష్యం, తెర సాక్ష్యం, ముప్పై వేలమంది సాక్ష్యం. కానీ ఈ ఒక్కటీ అమ్మేసుకుంటే ఆవిడ మాటకీ ఆ గదికీ తేడా ఏముంది? చెయ్యెత్తి, ఇంతకుముందెప్పుడూ లేనంత గట్టిగా అన్న మోకాలి మీద చరిచింది.

“గోల్! వాళ్ల గోలు. నికార్సయిన గోలు. మనవాడు చెట్టులా నిలబడిపోయాడు, వాడు పక్కనుంచి గాలిలా పోయాడు. మోకాలూ లేదు, మొట్టికాయా లేదు.”

నార్మన్ ఒక పచ్చి బూతు తిట్టాడు. తర్వాత యంత్రాన్ని కోటు జేబులో పడేశాడు.

“అనుకున్నా. మనవాడి అడుగుల చప్పుడే వినపళ్లేదు. తర్వాతేమైంది, చెప్పు.”

చెప్పింది. ఆట ముగిసేదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. సున్నా-సున్నా. రాడెన్‌షా మిగిలింది.

బస్సుస్టాపు దగ్గర జనం పాడుతున్నారు, గంతులేస్తున్నారు. నార్మన్ కర్ర ఆనించుకుని వాళ్ల మధ్య నిలబడ్డాడు.

“ఒకటి-సున్నా ఓడాం” అన్నాడు గట్టిగా. “మా చెల్లెలు చూసింది.”

పాట ఆగింది. నలుగురైదుగురు ఇటు తిరిగారు.

“నోర్ముయ్, నార్మన్” అంది బెరిల్ వాడి మోచెయ్యి పట్టి లాగుతూ. “బస్సొచ్చింది, ఎక్కి చావు.”

“వచ్చిందా, అయ్యుండొచ్చా?”

“వచ్చింది!”

కర్ర తాటించుకుంటూ ఎక్కాడు. సీట్లో కూలబడీ కూలబడకముందే డ్రైవరుకి మొదలుపెట్టాడు, ఒకటి-సున్నా అని.