నాయినమ్మ కాళ్ళకు సరిపడా డేరా

పటాన్‌చెరులో ఫ్యాక్టరీల గొట్టాలు అప్పుడప్పుడే లేస్తున్న ఆ కాలంలో, సంగారెడ్డి చుట్టుపక్కల మా క్రైస్తవ కుటుంబాల్లో ఎవరు గొప్పవాళ్ళో తెలుసుకోవాలంటే ఇళ్ళూ పొలాలూ చూడనక్కర్లేదు, సభల దాకా ఆగితే చాలు. పంటలు ఇళ్ళకు చేరాక మా సంఘాలన్నీ కలిసి మంజీర ఒడ్డున ఒక మామిడితోటలో మూడు రోజులు సభలు పెట్టుకునేవి. (మేము సభలు అనేవాళ్ళం. మా నాయినమ్మ మాత్రం చివరిదాకా జాతర అనే అంది.) కుటుంబాలకు కుటుంబాలు ఎడ్లబండ్ల మీద వచ్చి, ఆ తోటలోనే వండుకుని, అక్కడే పడుకుని, పొద్దునా సాయంత్రం ప్రసంగాలు వినేవి. చాలామంది బండి కిందే చాప పరుచుకునేవారు. కొందరు రెండు చీరలు అడ్డం కట్టి చాటు చేసుకునేవారు. సొంత డేరా ఉన్నవాడు మాత్రం పెద్దమనిషి. మా బంధువర్గంలో ఆ పెద్దమనిషి మా మేనత్త భర్త. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరు ఒకటి ఉండేది గానీ, చిన్నా పెద్దా అందరూ డేరా మామ అనే పిలిచేవాళ్ళం. ఆయనా ఆ పిలుపుకు మీసం సవరించుకునే పలికేవాడు.

ఆయన మమ్మల్ని ఏటా తన డేరాలోకి రానిచ్చేవాడు. ఆ మాట ఆయన తోటలో ఎదురైన ప్రతివాడికీ చెప్పేవాడు కూడా. చెప్పనిది ఏమిటంటే, లోపల సగం చోటు ఆయన ఇనుప పెట్టెది. అందులో ఆయన కోటు, ఇస్త్రీ బట్టలు ఉండేవి. ఆ పెట్టె డేరా నడిమధ్య దర్జాగా పడుకునేది. దాని చుట్టూ మేము సర్దుకునేవాళ్ళం. మా నాయినమ్మ పొడగరి. మా ఇంట్లో మగవాళ్ళకంటే కూడా ఒక బెత్తెడు పైనే. తల లోపల పెడితే కాళ్ళు బయటికి వచ్చేవి. నాకు పటాన్‌చెరు ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం వచ్చిన ఏడాది సభల్లో, ముసలామె కాళ్ళు మంచుకు తడిసి ముడతలు పడ్డాయని చూసి, "మామా, ఆ పెట్టె జెర బయట పెడ్తే అయిపాయె గదా" అన్నాను. ఆయన నా వైపు కూడా చూడకుండా అన్న మాట నేను ఈ రోజుకీ అక్షరం పోకుండా చెప్పగలను. "పెట్టె తడవొద్దురా. అత్తమ్మ కాళ్ళంటవా, తుడుసుకుంటే పోతది."

నాయినమ్మ నవ్వింది. మా నాయిన వినిపించుకోనట్టు పాటల పుస్తకం తిరగేశాడు. నేను మాత్రం ఆ మాటను భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను. మళ్ళీ సభల నాటికి మాకు సొంత డేరా ఉండాలి, అందులో నాయినమ్మ కాళ్ళు లోపల ఉండాలి అని నిర్ణయించుకున్నాను. విని నాయిన విసుక్కున్నాడు. ఆయన బడిపంతులు, సంఘపెద్ద, గొడవలంటే గిట్టవు. "తోబుట్టువు పెనిమిటితోని పోటీ ఏందిరా?" అన్నాడు. నాయినమ్మ ఇంకో దారి చూపించింది. "నా కాళ్ళ కోసం డేరా ఎందుకు బిడ్డా, ఒక జత మేజోళ్ళు తెచ్చియ్యి, చాలు." వాళ్ళిద్దరికీ అవమానం అంటే ఏమిటో తెలియదని నాకు అర్థమయింది. ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా. ఆ బాధ్యత నేనే తీసుకున్నాను, ఇప్పటికీ దించలేదు.

ఒక శనివారం సెలవు పెట్టి, తొలి బస్సుకు సికింద్రాబాద్ వెళ్ళాను. అక్కడ మిలిటరీ వాళ్ళు వాడి తీసేసిన సామాను అమ్మే దుకాణాలు ఉండేవి. నా జేబులో రెండు ముళ్ళు వేసిన తాడు ఉంది. ఒక ముడి నాయినమ్మ నడినెత్తి, రెండో ముడి ఆమె మడమ. దాని మీద ఇంకో బెత్తెడు వదిలాను, అది మా అభిమానం. సేఠ్ డేరాలు ఒక్కొక్కటే విప్పి పరిచాడు. నేను తాడు పెట్టి కొలిచి, అది చాలదన్నట్టు ఒక్కొక్క దాంట్లో వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపి చూశాను. మూడో డేరాలో కళ్ళు మూసుకునేసరికి ఆయనకు ఓపిక అయిపోయింది.

"ఏం భాయ్, కొననీకి వచ్చినవా, పండనీకి వచ్చినవా?"

"మా నాయినమ్మకు చూస్తున్న సేఠ్."

"మీ నాయినమ్మ మిలిటరీలనా?"

"కాదు, చర్చిల."

దుకాణం బయట నిలబడ్డ కూలీలు కూడా నవ్వారు. (నవ్వనివ్వండి. నేను లెక్కలో వేసుకున్నాను.) ఆకుపచ్చ డేరాలు దిట్టంగా ఉన్నాయి గానీ, తోటలో వేస్తే పోలీసులు దిగారనుకుంటారని వద్దన్నాను. ఎవరో మేజర్ సాబ్ వాడిందంటూ ఒకటి చూపించాడు. దాని గుమ్మం పొట్టిది. నాయినమ్మ తన డేరాలోకి తానే తలవంచి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. చివరికి అడుగున ఉన్నది తీశాడు. తెల్లటి కాన్వాసు, ఎత్తైన నడుమ గుంజ, ఈ కొస నుంచి ఆ కొసకు నా తాడు పోను ఇంకా చోటు. దాంతోపాటు ఒక కందీలు, ఇనుప మేకులు, సైనికులు భుజాన వేసుకునే నీళ్ళ డబ్బా తీసుకున్నాను. (ఆ డబ్బాలో నాయినమ్మ బతికినంత కాలం చల్ల పోసుకుని తాగింది.) సేఠ్ మూట కడుతూ, "ఇంటికి పోయి ఒక్కసారి వేసి చూడు. ఆడికి పోయినంక గుంజ సాల్తలేదని నన్ను తిట్టకు" అన్నాడు. ఆయన ఆ సలహా ఇవ్వకపోయి ఉంటే ఈ కథే లేదు.

డేరాను గుంజ చుట్టూ చుట్టి, పైన తెల్లగుడ్డ కప్పి, తాళ్ళతో కట్టాడు. కండక్టర్ బస్సు మీద వెయ్యమంటే ఒప్పుకోలేదు. లోపల సీట్ల మధ్య పొడుగ్గా పడుకోబెట్టి, పక్కనే నిలబడి, కుదుపు వచ్చినప్పుడల్లా చెయ్యి వేసి ఆపాను. ప్రయాణికులు ఎవరూ దాన్ని దాటలేదు. ఒక పెద్దాయన లేచి నాకు సీటిచ్చాడు. పటాన్‌చెరులో దిగిపోతున్న ఇంకొకాయన దానివైపు తిరిగి చేతులు జోడించాడు. కొత్త డేరాకు జనం ఎంత గౌరవం ఇస్తారో అని నా ఛాతీ ఉప్పొంగింది.

ఇంటికి చేరగానే, వాకిట్లో, బజారుకు కనబడేలా వేశాను. ఇక్కడ మా బజారు సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళయితే ఇంటి ముందు పచ్చటి ఆకుల పందిరి వేసేవారు. బట్ట డేరా వేశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం, వచ్చినవాళ్ళు నీడకు కూర్చోవడానికి. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఇది సభల డేరా, అది చావు డేరా, రెండూ వేరని చూసిన ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను. పైగా వారం కిందటే నాయినమ్మ గట్టి జ్వరం పడి లేచింది. బజారంతటికీ ఆ సంగతి తెలుసు.

ఆమెను లోపల చాప మీద పడుకోబెట్టాను. తల ఆ కొసకు, కాళ్ళు ఈ కొసకు. వేళ్ళకూ డేరా అంచుకూ మధ్య నా బెత్తెడు అభిమానం చక్కగా మిగిలింది. వెలుతురు ఎలా వస్తుందో చూద్దామని కందీలు వెలిగించి తల దగ్గర పెట్టాను. ఇంతలో, డేరాయే వద్దన్న మా నాయిన కోటు వేసుకుని బయటికి వచ్చాడు. "కొత్త వస్తువు ప్రార్థన లేకుండ వాడొద్దు" అన్నాడు. సందర్భానికి తగ్గట్టు గుడారం అన్న మాట ఉన్న వాక్యం కోసం చాలాసేపు వెతికి, దొరికిన ఆనందంలో బడిలో పాఠం చెప్పినంత గట్టిగా చదివాడు. అది మావాళ్ళలో శవాన్ని మట్టి చేసేటప్పుడు చదివే వాక్యం. ఆయనకు గుడారం ఒక్కటే కనిపించింది. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మా నాయిన ప్రార్థన నిడివి తెలిసిన నాయినమ్మ ఆ నీడకు హాయిగా నిద్రపోయింది.

ఎదురింటి కిరాణా దుకాణం పెద్దమ్మ మొదట తన తలుపులు సగం దగ్గరికి వేసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా వచ్చింది. ఆమె వెనుక ఇంకా నలుగురు. నా డేరాను చూడటానికే అనుకుని ఎదురెళ్ళాను.

"ఎప్పుడయింది బిడ్డా?" అంది ఆమె లోగొంతుతో.

"ఇయ్యాల పొద్దుగాలనే, పెద్దమ్మా."

"సంగారెడ్డి దవాఖాన్లనా?"

"సంగారెడ్డిల ఏడ దొరుకుతది? సికింద్రాబాద్‌ల. బస్సుల తెచ్చుడే జెర తకలీఫ్ అయింది."

"బస్సుల తెచ్చినవా! అయ్యో కొడుకా!"

"మీదికి ఎయ్యమన్నడు కండక్టరు. నేను ఇననే లేదు. లోపట్నే పండబెట్టుకొని తెచ్చిన. ఒకాయన దండం గూడ పెట్టిండు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఇంత కదిలిపోతుందనుకోలేదు. నేను ఇంకా ఉత్సాహంగా, "ఎంత గట్టిగున్నదో చూడు పెద్దమ్మా, ఇంకా ఇరవై ఏండ్లు ఉంటది" అన్నాను. ఆమె నా తల నిమిరి, "మనమట్లనే అనుకుంటం బిడ్డా. గుండె రాయి చేసుకో" అంది. ఆ మాటకు అర్థమేమిటా అని నేను ఆలోచించేలోపే బజారు మలుపులో ఏడుపు వినిపించింది.

డేరా మామ. పక్క వీధిలోనే వాళ్ళ ఇల్లు. ఎవరు చెప్పారో గానీ, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వెనుక మా మేనత్త గుండెలు బాదుకుంటూ వస్తోంది. నన్ను పక్కకు నెట్టి, డేరాలోకి వంగకుండానే దూరి (గుమ్మం ఎత్తు అప్పుడు గమనించాను, సంతోషించాను), నాయినమ్మ పాదాలు రెండూ పట్టుకుని బజారంతా వినేలా ఏడ్చాడు.

"అత్తమ్మా! పెట్టె లోపట పెట్టుకొని నీ కాళ్ళు బయట పెట్టిచ్చిన పాపిని అత్తమ్మా! కోటు తడుస్తదని సూసుకున్న గానీ నీ కాళ్ళు సూడకపోతి! ఇగ ఏ జాతరల సూడాలె ఈ కాళ్ళు!"

ఏడాదిగా నేను మోస్తున్న మాటను ఆయన నోటితోనే, కిరాణా పెద్దమ్మతో సహా బజారంతటినీ సాక్షిగా పెట్టి, నాకు తిరిగి అప్పగించాడు. నేను నిటారుగా నిలబడ్డాను. నాయినమ్మ కళ్ళు తెరిచింది. తన కాళ్ళు పట్టుకున్న అల్లుడిని చూసింది, ఆ కాళ్ళను చూసింది, పైన కాన్వాసును చూసింది.

"ఇప్పుడు లోపట్నే ఉన్నయి గద అల్లుడా," అంది. "ఇంకెందుకు ఏడుస్తవు?"

కిరాణా పెద్దమ్మ కేక వేసి వెనక్కి తూలితే గుంజ తగిలి డేరా ఒక పక్కకు ఒరిగింది. మేనత్త తన తల్లి మీద పడి నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. మా నాయిన మాత్రం కళ్ళు తెరవకుండా మిగిలిన ప్రార్థన ముగించి, ఆమేన్ చెప్పి, అప్పుడు చుట్టూ చూసి, "ఇంతమంది వచ్చిన్రా? సంతోషం" అన్నాడు. డేరా మామ లేచి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత కాన్వాసును వేళ్ళ మధ్య నలిపి, "బట్ట మంచిదే. గుంజ జెర వంకరున్నది" అన్నాడు. (గుంజ వంకర లేదు. పెద్దమ్మ తగిలి ఒరిగింది. ఈ సంగతి ఆయనకు తర్వాత చాలాసార్లు చెప్పాను.)

ఆ ఏడాది సభల్లో మా తెల్ల డేరా తోట మొదట్లోనే నిలబడింది. ఎండలో దూరం నుంచే మెరిసేది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు "తెల్ల డేరా కాడ దిగుదాం" అని చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. మా మేనత్త తన తల్లి దగ్గరే పడుకుంటానని చాప తెచ్చుకుంది. కాసేపటికి డేరా మామ కూడా పెట్టె మోసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నాయినమ్మ లోపలి నుంచి, "రానియ్యిరా, ఆయన గూడ మనోడే" అంది. నేను అడ్డం చెప్పలేదు.

"రాండ్రి మామా," అన్నాను. "కాళ్ళు లోపట. పెట్టె బయట."

ఆయన పెట్టెను కింద దించి, మీద గోనెసంచి కప్పి, లోపలికి వచ్చి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే పెట్టె మంచుకు నిగనిగలాడుతోంది. నాయినమ్మ కాళ్ళు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో తర్వాత నాకు ప్రమోషన్లు వచ్చాయి, ఒకసారి దండ కూడా వేశారు. ఆ పొద్దుటి ముందు అవేవీ నిలవవు.

బజార్లో తాను ఏడ్చినట్టు డేరా మామ తర్వాత ఎప్పుడూ ఒప్పుకోలేదు. "దుమ్ము పడ్డది కండ్లల్ల" అనేవాడు. నేను సాక్షుల పేర్లు చెప్పేవాణ్ణి. సభలు జరిగినన్నాళ్ళూ మా ఇద్దరికీ ఇదే కచేరీ. ఆయన పోయాక మేనత్త ఆ ఇనుప పెట్టెను మా ఇంటికి పంపించింది. "డేరా పెట్టుకోనీకి వానికి పనికొస్తది అన్నడు మీ మామ" అని కబురు. అది క్షమాపణో, ఎత్తిపొడుపో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. డేరా మడిచి పెడితే మాత్రం అందులో కొలిచినట్టు పట్టింది. ఎంత పోట్లాడినా చివరికి నా డేరా ఆయన పెట్టెలోకే చేరింది.

మొన్న జల్లు వరండాలోకి కొడుతుంటే, ఆ పెట్టెను తలుపు దాటించి లోపలికి ఈడ్చుకొచ్చాను. నా గదిలో ఉన్న చోటంతా అదే ఆక్రమించింది. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు చాపడానికి వీల్లేక గడప బయట పెట్టుకున్నాను. జల్లు పాదాల మీద పడుతోంది. మా ఆవిడ చూసి, "ఆ పెట్టె జెర బయట పెడ్తే అయిపాయె గదా" అంది.

"పెట్టె తడవొద్దు," అన్నాను. "కాళ్ళంటవా, తుడుసుకుంటే పోతది."