ఎదువీన ఎగరేసిన తెల్లజెండా

మా కొండ కింది తారుకా ఊళ్లో, దోన్యా అని అందరం గౌరవంగా పిలిచే ఎదువీనంత మొండి మనిషి ఇంకొకరు లేరు. ఆమె చిచా కాస్తుంది, అదే, మా మొక్కజొన్న కల్లు. చిచా తయారైతేనే ఇంటిముందు గెడకు తెల్లజెండా ఎగరేయడం ఇక్కడి పద్ధతి. కొండలమీది పల్లెల్లో ఉండే మేం అది చూసి బిందెలు పట్టుకుని దిగుతాం. ఒకసారి చిచా చెడిందని, మేం సగం దారిలో ఉండగానే జెండా దించేసి, అంతా పందులకు పోసేసింది. మాకు ఒళ్లు మండింది. కానీ ఆమె బతుకంతా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. జెండా ఒక్కసారి అబద్ధమాడితే మళ్లీ అంత దూరం దిగేదెవరు?

అలాంటిది, మొన్న దుంపలు తవ్వే రోజుల్లో పొద్దున్నే జెండా లేచింది. మా ఆయన సెవెరో అప్పుడే బిందె కడిగేస్తున్నాడు. నాకు మాత్రం అనుమానంగా ఉంది. చిచా కాయాలంటే పొయ్యి పగలూ రాత్రీ మండాలి. ఆ పెరట్లోంచి పొగ లేచి చాలా రోజులైంది.

"పొయ్యి వెలిగించకుండా చిచా ఎక్కడిదయ్యా?" అన్నాను.

"వెళ్తే తెలుస్తుంది కదే. దారి పొడుగునా ఆలోచించుకో," అన్నాడు.

దారిలో పక్కపల్లెల వాళ్లు కలిశారు. పట్నం సరుకు తెచ్చి తనదని అమ్ముతోందని ఒకరు, మతి తప్పిందని ఇంకొకరు. నాకైతే ఆత్రం ఆగక కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. తీరా చూస్తే గెడమీద ఉన్నది జెండా కాదు, లేసు అంచున్న లోపలి పావడా. దాని తాడు పట్టుకుని ఎదువీన నేలమీద పడి ఉంది. ముందురోజు జారిపడి కాలు విరిగిందట. చుట్టుపక్కల వాళ్లంతా దుంపల పొలాల్లోనే ఉండిపోయారు.

మమ్మల్ని చూడగానే ఆమె సిగ్గుతో తల దించుకుంది. "చిచా లేదమ్మా. అబద్ధపు జెండా ఎగరేశాను. అరిచి అరిచి గొంతు పోయింది. నా కోసమైతే మీరెవరూ దిగరు కదా."

చేతుల్లోని ఖాళీ బిందెలు ఎక్కడ దాచుకోవాలో మాకు తెలియలేదు. కంబళిలో వేసి ఆసుపత్రికి మోస్తుంటే నొప్పి సంగతి ఎత్తనే లేదు, ఇక తన జెండాను ఎవరు నమ్ముతారనే ఏడ్చింది.

కాలు అతికాక మళ్లీ కాచింది. జెండా లేచిన రోజు పల్లెలన్నీ కదిలి వచ్చాయి. ఇప్పుడు జెండా లేని రోజుల్లో కూడా ఎవరో ఒకరం దిగుతున్నాం. "చిచా లేదు, పొండి," అని కసురుతుంది. వాకిట్లో పీట మాత్రం ముందే వేసి ఉంటుంది.