తలకొట్టని సోల

మా చిన్నప్పుడు... చిత్తూరులో ఓ క్రిస్మస్ పొద్దున మా వంటింట్లో ఒక్కరూ కుదురుగా కూర్చోలేదు.

పక్కింటి గ్రేసు టీచరమ్మ ఏటా మాకు కేకు పంపేది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ అందులో మురుకులు పెట్టి తిప్పి పంపేది. ఆ ఏడు వాళ్లాయన పోయారు. "ఈసారి మాకు పండగ లేదు" అనేసింది టీచరమ్మ. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకు మనసు నిలవలేదు. ఆమె చర్చి నుంచి వచ్చేలోపు ఆ ఇంటికి కేకు చేరాల్సిందేనని పట్టుబట్టింది.

తీరా చూస్తే మా ఇంట్లో ఎవరికీ కేకు చెయ్యడం రాదు! టీచరమ్మ ఎప్పుడో మాటల్లో చెప్పిన లెక్క మాత్రం అమ్మకు గుర్తుంది... మైదా, చక్కెర, వెన్న తలా పావుకిలో, గుడ్లు నాలుగు. కానీ మాకు తక్కెడ ఏదీ? బియ్యానికైనా పిండికైనా కొలిచేది ఒకటే సోల. టీచరమ్మను తక్కెడ అడిగితే గుట్టు బయటపడుతుంది.

అమ్మ సోల నా చేతికిచ్చి శెట్టి అంగడికి తరిమింది. శెట్టి సోల నిండా మైదా పోసి, పైన వేలితో చదునుగా తలకొట్టి తూచాడు. తర్వాత చక్కెర తూచాడు.

"మైదా అయితే తలకొట్టు సోలలు రెండు. చక్కెరయితే సోల, దానిపైన ఒక గుప్పెడు. పావుకిలో అయితాది. పోయి మీయమ్మకు చెప్పు పా!"

ఒకటే పరుగున ఇంటికొచ్చి చెప్పాను. మా నాయన వాళ్లమ్మ, అవ్వ, ససేమిరా నమ్మలేదు. "అదే సోల, అదే పావుకిలో... దానికి రెండు, దీనికి ఒకటా? శెట్టి నీ చెవిలో పువ్వు పెట్టినాడు మే!"

"మైదా తేలిక అత్తా, చక్కెర బరువు" అంటూ అమ్మ గబగబా గుడ్లు గిలకొడుతోంది. కేకు కాల్చడానికి స్టవ్ మీద ఇసుక పోసిన దబర గిన్నె కాగిపోతోంది. చర్చి విడిచేస్తారేమోనని నేను వాకిలికీ వంటింటికీ తిరుగుతున్నాను.

ఇంతలో అవ్వ మైదా డబ్బా అందుకుంది. ఆమె చేత్తో సోల ఏనాడూ తలకొట్టి కొలిచింది లేదు, అలా కొలిస్తే ఇంటికి కరువట. గోపురం లేచేలా ఒకటి పోసింది... రెండు పోసింది... ఆపైన కొసరు, ఇంకో దోసెడు!

"అయ్యో అత్తా! తలకొట్టు అన్నాడు కదా!"

"పక్కింటికి పెట్టేది తలకొట్టి కొలుస్తారా ఎవురన్నా? అదీ కష్టంలో ఉండే మనిషికి!"

తీసేద్దామంటే అప్పటికే పిండి కలిసిపోయింది. అమ్మ పాలు పోసింది, తిట్టుకుంది, మళ్లీ పోసింది. దబర మూత మేమెన్నిసార్లు ఎత్తి చూశామో! చివరికి కేకు పగుళ్లిచ్చి, గట్టిగా, ఇటుకలా వచ్చింది. అమ్మకు ఏడుపొచ్చేసింది.

"దీన్ని యాడ పంపేది? నవ్వుతారు!"

"నవ్వనీలే. ఆ తల్లి నవ్వి ఎన్నాళ్లయిందో" అంది అవ్వ.

గిన్నెలో పెట్టుకుని నేనే పోయాను. టీచరమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి కూర్చుంది. కత్తి దించబోతే దిగలేదు. "ఎట్ల కొలిచినారు మే?" అంది. శెట్టి లెక్క, అవ్వ గోపురం, కొసరు... అంతా చెప్పేశాను. ఆమె నవ్వింది... నవ్వి నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ఓ ముక్క విరిచి, టీలో అద్దుకుని తినింది.

సాయంత్రం మా గిన్నె తిరిగొచ్చింది. నిండా చక్కెర... గోపురంగా.

ఇప్పుడు నా దగ్గర అంకెలు చూపించే తూకం మిషను ఉంది. సరిగ్గా 250 దగ్గర చెయ్యి ఆపుతాను. కేకు దూదిలా వస్తుంది. పంపుదామంటే... పక్క ఫ్లాటులో ఉండేవాళ్ల పేరు కూడా నాకు తెలీదు.

మీ ఇంట్లో కొసరు వేసే చెయ్యి ఎవరిది? ఒక మాట రాసిపోండి...