రేవు దారి తెరిపించిన సుగుణమ్మ గారు

విశ్రాంత నర్సు సుగుణమ్మ గారు మొన్న తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరారు. కబురందేసరికి నేను బడిలో హాజరు పిలుస్తున్నాను. హాజరు పట్టీ మూసేశాను. ఏ యాతనా పడకుండా వెళ్లారని తెలిశాకే మనసు కుదుటపడింది.

నేను ఈ ఊళ్లో చేపలు పట్టే పల్లెకారుల బిడ్డను, ఇక్కడే ఉపాధ్యాయినిని. కడియానికి దిగువనున్న మా రేవులో పదవీ విరమణ చేసినవారు కొందరు స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నప్పుడు మాకు సంతోషం కంటే శంకే అధికం. అదే నిజమైంది. దొంగల భయమంటూ వారు రేవు దారికి అడ్డంగా గేటు పెట్టి తాళం వేశారు. తలపై చేపల గంపతో మా అమ్మ మైలు దూరం చుట్టూ తిరగవలసి వచ్చింది. మగవాళ్లు గేటు విరగ్గొడతామని లేచారు.

ఆ ఇళ్లలో ఒకటి సుగుణమ్మ గారిది. ఒంటరి మనిషి. ఒక ఉదయం అమ్మ వెంట ఆ చుట్టుదారంతా నడిచారు. మోకాళ్ల నొప్పితో రెండుచోట్ల కూలబడ్డారు. “మీకెందుకండీ ఈ శ్రమ?” అని అమ్మ అడిగితే, “నొప్పి ఎక్కడుందో చెయ్యేసి చూడకుండా మందివ్వడం నాకు చేతకాదమ్మా,” అన్నారు.

ఆ సాయంత్రం తమ కాలనీ సమావేశానికి అమ్మను వెంటబెట్టుకెళ్లారు. అధ్యక్షులు విశ్వనాథం గారు విశ్రాంత ఇంజనీరు. “మరి మన భద్రత మాటేంటండీ?” అన్నారాయన.

“వరదకి రోడ్డు మునిగినప్పుడు, గుండెనొప్పితో ఉన్న మిమ్మల్ని పడవలో దాటించిందెవరండీ? ఈవిడ భర్తే కదా! భద్రతంటే అదేనండి,” అన్నారు సుగుణమ్మ గారు.

విశ్వనాథం గారే లేచి, తాళంచెవి తెచ్చి అమ్మకు అందించారు. అమ్మ పుచ్చుకోలేదు.

“తాళంచెవి నాకెందుకండీ? గేటే తీసెయ్యండి,” అంది.

మర్నాడే ఊడదీశారు. ఆ మాట తలుచుకుని సుగుణమ్మ గారు ఎంత నవ్వేవారో! తరువాత వారి అరుగు మీద ఊరందరికీ బీపీ పరీక్షలు జరిగాయి. విశ్వనాథం గారు మా పడవల ఇంజన్లు బాగుచేయసాగారు.

మొన్న మా బెంగంతా ఒక్కటే. సుగుణమ్మ గారి తమ్ముడు భౌతికకాయాన్ని సొంతూరు తణుకు తీసుకెళతారేమోనని. ఆయనే మా దగ్గరికొచ్చి, “అక్కయ్యని ఇక్కడే ఉంచుకుంటారాండీ?” అని అడిగారు. అమ్మ బావురుమంది. గుండె బరువు దిగిన ఏడుపది.

ఆ కరుణామూర్తి లోటు పూడ్చగలవారు మాకు లేరు. ఆవిడకు సంతానం లేదని సమాధి వద్ద పాస్టరు గారు చెప్పారు. అప్పటికి పిడికెడు మట్టి వేయడానికి నిలిచిన మా వరుస చర్చి ఆవరణ దాటి రోడ్డెక్కింది.